పుట్టినరోజు నాడు అమ్మ పథ్యం

"మియొక్‌గుక్ మొగొస్సొ?"

2023 మార్చిలో, దక్షిణ కొరియాలో నా మొదటి పుట్టినరోజు పొద్దున్నే ల్యాబ్‌లో పక్క సీటు అక్క అడిగిన మాట ఇది. మియొక్‌గుక్ తిన్నావా అని. ఆమె నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఇక్కడ ఆడపిల్లలు తమకంటే పెద్దదాన్ని "ఒన్ని" అని పిలుస్తారు, నేనూ అలాగే పిలుస్తాను. అప్పటికి నాకు ఆ వంటకం పేరు తెలుసు, క్యాంటీన్లో రెండు మూడు సార్లు తిన్నాను కూడా. కానీ పుట్టినరోజుకీ దానికీ సంబంధం ఏమిటో తెలియదు. "లేదు ఒన్నీ, తినలేదు" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. ఇంకేం అడగలేదు. మధ్యాహ్నం నా బల్ల మీద చిన్న కేకు ముక్క, దాని పక్కన వేడినీళ్ళు పోసుకుంటే సూప్ అయ్యే మియొక్‌గుక్ పొట్లం ఒకటి పెట్టి వెళ్ళింది.

ఆ పొట్లం నేను ఆ రోజు తెరవలేదు. సాయంత్రం సియోల్‌లో బిర్యానీ ఉంది మరి. మేముండే డేజొన్ నుంచి సియోల్‌కి స్పీడు రైల్లో గంట. అక్కడ ఇతేవన్ అనే పేటలో ఇండియన్ హోటళ్ళు చాలా ఉన్నాయి. తెలుగువాళ్ళం ఆరుగురం కలిశాం. బిర్యానీ తిన్నాం, కేకు కోశాం, ఫొటోలు దిగాం. అందరూ ఎంతో ప్రేమగా వచ్చారు, వాళ్ళకి ఈ రోజుకీ రుణపడి ఉంటాను. కానీ ఆ పూటంతా మా మాటలు ఒకే చోట తిరిగాయి. బియ్యం ఇలా కాదు, మసాలా అలా కాదు, మన దగ్గరైతే ఇలా ఉండేది, రైతా పల్చగా ఉంది. తింటున్న ప్రతి ముద్దనీ ఇక్కడ లేని ఇంకో ముద్దతో తూచుకుంటూ కూర్చున్నాం. తిరుగు రైల్లో నాకు ఎంత దిగులేసిందో చెప్పలేను. ఇంటికి దూరంగా ఉన్నానన్న సంగతి మామూలు రోజుల్లో అంతగా గుర్తుండదు. ఆ రోజు మాత్రం గుర్తు చేసుకోవడానికే గంట ప్రయాణం చేసి వెళ్ళినట్టయింది.

నాలుగేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను. ఈ విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. పరాయి దేశంలో పుట్టినరోజు వస్తే, ఆ దేశంవాళ్ళు తమ పుట్టినరోజున ఏం తింటారో అది, వాళ్ళతో కూర్చుని తినాలి. మన వంట ఆ ముందు రోజు తినొచ్చు, మర్నాడు తినొచ్చు, మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులూ తినొచ్చు. ఆ ఒక్క రోజు మాత్రం వాళ్ళ పంక్తిలో కూర్చోవాలి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు, కొత్త రుచుల సరదా కోసం అంతకంటే కాదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ సూప్ గురించి చెప్పాలి.

మియొక్ అంటే సముద్రపు నాచు. జపాన్ వాళ్ళు వకామే అనేది దీన్నే. గుక్ అంటే చారులాంటిది. కొరియాలో బిడ్డ పుట్టగానే బాలింతకి పెట్టే మొదటి భోజనం అన్నం, మియొక్‌గుక్. ఆ ఒక్క పూటే కాదు, వారాల తరబడి పూట పూటా అదే. ఇప్పుడు బాలింతల్ని చూసుకోవడానికి ప్రత్యేకంగా కేంద్రాలున్నాయి. కాన్పయ్యాక చాలామంది అక్కడ రెండు వారాలు ఉండి వస్తారు. అక్కడా భోజనంలో ఇది తప్పదు. అంటే ఇది అచ్చంగా బాలింత పథ్యం. ఆ పథ్యాన్నే ఆ బిడ్డ పెరిగి పెద్దయ్యాక ప్రతి ఏడూ పుట్టినరోజు పొద్దున తింటుంది. నిన్ను కన్న రోజున మీ అమ్మ ఏం తిన్నదో, అదే నువ్వూ తిని ఆ రోజుని తలుచుకో అని దాని అర్థం.

ఒన్ని నాకిది చెప్పినప్పుడు నా చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. మేం చేసుకున్న ఇన్ని పుట్టినరోజుల్లో అమ్మ ఎక్కడుంది? వంటింట్లో ఉంది. పాయసం కలుపుతూ, పిల్లల స్నేహితులకి ప్లేట్లు సర్దుతూ, ఫొటోలో చివర నిలబడి. తలంటు పోసింది, కొత్త బట్టలకి పసుపు పెట్టింది, గుడికి పంపింది. ఆ రోజు తనకి ఏం జరిగిందో మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఈ దేశంలో కాన్పు చుట్టూ ఉన్న పద్ధతులు వింటుంటే మా ఇంటి సంగతులే ఎవరో చెబుతున్నట్టుంటుంది. బిడ్డనీ తల్లినీ కాపాడే దేవత ఒకామె ఉంది, సంసిన్ హల్మొని. హల్మొని అంటే అమ్మమ్మ, నాయనమ్మ. పురుడయ్యాక ఆమెకి అన్నం, మియొక్‌గుక్, మంచినీళ్ళు పెట్టి దండం పెట్టుకుని, ఆ తర్వాత వాటిని బాలింతకి పెట్టేవారు. పసిపిల్లల పిరుదుల మీద నీలం మచ్చ ఉంటుంది కదా, అది బయటికి రమ్మని సంసిన్ హల్మొని చరిచిన గుర్తట. పాతకాలంలో ఇరవై ఒక్క రోజుల పాటు గుమ్మానికి గడ్డితాడు కట్టేవారు, బయటివాళ్ళు లోపలికి రాకూడదని. మగపిల్లాడైతే ఆ తాడుకి ఎర్ర మిరపకాయలు, ఆడపిల్లయితే బొగ్గు ముక్కలూ పైన్ రెమ్మలూ. పురిటి గది గుమ్మానికి వేపమండలు కట్టే ఇళ్ళలో పుట్టినవాళ్ళం, ఇరవై ఒకటో రోజున బారసాల చేసుకునేవాళ్ళం, మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

కాన్పు కోసం కొనే మియొక్ వేరేగా ఉండేదట. పొడుగ్గా, విరగని నాచు. దాన్ని మడవకూడదు, తుంచకూడదు, అలాగే పొడుగ్గా ఇంటికి తీసుకెళ్ళాలి. అన్నిటికంటే నాకు నచ్చింది, దాని దగ్గర బేరం ఆడకూడదు. బిడ్డ ఆయుష్షు తగ్గించమని అడిగినట్టవుతుందని. ఇక తిమింగలం కథ ఒకటి ఉంది. బిడ్డని కన్న తిమింగలం ఈ నాచు మేసి తేరుకోవడం చూసి మనుషులు నేర్చుకున్నారని చెబుతారు. నిజమో కాదో గానీ, నడి సముద్రంలో ఒక బాలింత పథ్యం వెతుక్కుంటోందన్న ఊహే నాకు గొప్పగా అనిపిస్తుంది.

నేను వచ్చిన కొత్తలో ఇంకో విషయం అర్థం కాక తల పట్టుకున్నాను. ఇక్కడి లెక్కలో నా వయసు నాకు తెలిసిన దానికంటే ఎక్కువ. ఎందుకంటే కొరియాలో పుట్టగానే బిడ్డకి ఒక ఏడు, ఆ తర్వాత ప్రతి కొత్త సంవత్సరానికీ అందరికీ ఒకేసారి ఇంకో ఏడు. డిసెంబరు 31న పుట్టిన బిడ్డకి మర్నాటికి రెండేళ్ళు. 2023 జూన్ 28 నుంచి చట్టం మారింది, కాగితాల్లో అందరిలాగే పుట్టిన తేదీని బట్టి లెక్కేస్తున్నారు. మాటల్లో మాత్రం పాత లెక్క పూర్తిగా పోలేదు. ఆ పాత లెక్కలో వయసు పెంచేది పుట్టినరోజు కాదు. కొత్త సంవత్సరం నాడు తొక్‌గుక్ అనే బియ్యపు బిళ్ళల సూప్ తింటారు, అది తాగితే ఒక ఏడు మీదపడినట్టు. అంటే ఏళ్ళు లెక్కపెట్టే పని ఆ సూప్‌ది. పుట్టినరోజున తినే సూప్‌కి అంకెలతో సంబంధమే లేదు, దానిది కాన్పు గురించిన జ్ఞాపకం ఒక్కటే. ఈ రెండిటినీ ఇలా విడదీసి ఉంచుకున్న దేశం నాకు తెలిసి ఇదొక్కటే. ముప్పై దాటుతున్నానని నాకున్న టెన్షన్ ఈ సంగతి తెలిశాక చాలావరకు పోయింది.

రెండో ఏడు, 2024లో, సియోల్‌కి వెళ్ళనని ముందే చెప్పేశాను. ఒన్ని వాళ్ళింట్లో వండుకుందాం అనుకున్నాం. ఒన్ని, ల్యాబ్‌లో మా కింద చేరిన కొరియా కుర్రాడు, వియత్నాం నుంచి వచ్చిన స్నేహితురాలు, నేను. నలుగురం.

సంతకి వెళ్ళాం. మా దగ్గర్లో యుసొంగ్‌లో ఐదు రోజులకొకసారి సంత. నాలుగో తేదీ, తొమ్మిదో తేదీ, మళ్ళీ పద్నాలుగు, పంతొమ్మిది, అలా నెలంతా. మార్చిలో పచ్చి మియొక్ కూడా గుట్టలుగా వస్తుంది. కానీ సూప్‌కి ఎండుదే తీసుకోమంది ఒన్ని. ఒక ముసలావిడ దగ్గర కొన్నాం. పుట్టినరోజు ఎవరిదని అడిగి, నాదని తెలిసి, గిజాంగ్ నుంచి వచ్చిన నాచని చెబుతూ రెండు చేతులతో ఇచ్చింది. గిజాంగ్ బూసాన్ పక్కన సముద్రతీరం, అక్కడి మియొక్‌కి పేరు. ఒన్ని అడిగిన ధర ఇచ్చేసింది. ఆమె మామూలుగా గట్టిగా బేరమాడే మనిషి.

ఇక్కడొక చిక్కు ఉంది. మామూలుగా ఇళ్ళలో మియొక్‌గుక్ గొడ్డు మాంసంతో చేస్తారు. నేను తినను. ఈ మాట చెప్పడానికి మొదటి ఏడంతా మొహమాటపడ్డాను. వాళ్ళు ప్రేమగా పెట్టేదాన్ని కాదంటే ఏమనుకుంటారోనని. తీరా చెప్తే ఒన్ని, "దానికేముంది, సముద్రం పక్క ఊళ్ళలో అసలు మాంసం ఎవరేస్తారు" అంది. తీరంలో గుల్లలతో, చేపలతో చేస్తారు. జెజు దీవిలో ఒంటినిండా ముళ్ళుండే సీ అర్చిన్ అనే సముద్రజీవి లోపలి గుజ్జుతో చేస్తారు. చేపలూ గుల్లలూ కూడా తిననివాళ్ళ కోసం పెరిల్లా అనే మొక్క గింజల పొడి వేసి చిక్కగా చేస్తారు. శాకాహారులైన తెలుగువాళ్ళు చాలామంది "ఇక్కడివాళ్ళ తిండి మనకి కుదరదు" అని మొదటి రోజే తలుపు వేసేసుకుంటారు. ఏం తినరో ఒక్కసారి తేటగా చెప్పి చూడండి. ఏ ఊళ్ళోనైనా ఒకే వంటని పది రకాలుగా వండే అమ్మలుంటారు.

మేం బాజిరాక్ అనే చిన్న గుల్లలు తీసుకున్నాం. వాటిని ఉప్పునీళ్ళలో వేసి, గిన్నె మీద నల్ల కవరు కప్పి, ఫ్రిజ్‌లో పెట్టింది ఒన్ని. చీకట్లో ఉంటే సముద్రం అడుగున ఉన్నామనుకుని నోరు తెరిచి ఇసక వదిలేస్తాయట. రెండు గంటల తర్వాత కవరు తీస్తే గిన్నె అడుగున సన్నటి ఇసక పేరుకుని ఉంది. ఈలోపు మియొక్ నానబెట్టే పని నాది. ఎండినప్పుడు అది నల్లగా, పెళుసుగా, కాలిన పుల్లల్లా ఉంటుంది. నేను రెండు గుప్పెళ్ళు తీశాను. ఒన్ని నా చెయ్యి పట్టుకుని చాలావరకు వెనక్కి వేయించింది. నలుగురికి ఇరవై గ్రాములు చాలంది. నమ్మలేదు గానీ, అరగంటలో ఆ కాస్తా పదింతలై గిన్నె అంచుల దాకా లేచింది. నలుపు పోయి ముదురాకుపచ్చ. చేత్తో పట్టుకుంటే జారిపోయే మెత్తదనం.

గిన్నెలో నువ్వుల నూనె వేడెక్కగానే వంటింటికి నా చిన్నప్పటి వాసన వచ్చింది. ఇక్కడి నువ్వుల నూనె దోరగా వేయించిన నువ్వుల్ని ఆడించి తీస్తారు కాబట్టి, అది మన నూనె వాసన కాదు, చిమ్మిలి దంచేటప్పుడు రోటి దగ్గర వచ్చే వాసన. అందులో నాచు వేసి, దంచిన వెల్లుల్లి వేసి, ఆకు మెరిసేదాకా వేయించి, గుల్లలు ఉడికించిన నీళ్ళు వడకట్టి పోశాం. సూప్‌కి వాడే ఉప్పటి సోయా సాస్ రెండు చెంచాలు. అంతే. కారం లేదు, మిరియాలు లేవు. కొరియా సూపుల్లో దాదాపు అన్నిటిలో ఉల్లికాడలు తరిగి వేస్తారు, దీన్లో అవీ లేవు. సన్నటి సెగ మీద ముప్పావు గంట మరిగాక నీళ్ళు తెల్లగా పాలు కలిపినట్టయ్యాయి. దాంతోపాటు తెల్లన్నం, చిలగడదుంప పిండితో చేసిన సేమ్యాలో కూరగాయలు కలిపిన జాప్‌చే, గుమ్మడి ముక్కల అట్లు, కిమ్చీ.

ఒన్ని నాకు ముందు వడ్డించింది. పెద్దవాళ్ళు చెంచా ఎత్తేదాకా చిన్నవాళ్ళు తినకూడదు ఇక్కడ, కానీ ఆ రోజు తను చెంచా ముట్టుకోకుండా "నువ్వు మొదలుపెట్టు" అంది. తాగాను. ఉప్పగా, కమ్మగా, గొంతు దిగాక కడుపులో వెచ్చగా. జ్వరం తగ్గిన మర్నాడు పెట్టే చారన్నం గుర్తొచ్చింది. రుచి గొప్పదని చెప్పను. ఒంట్లో ఓపిక లేని మనిషి కోసం వండిన వంట అని మాత్రం మొదటి చెంచాకే తెలుస్తుంది.

అప్పుడే అమ్మ వీడియో కాల్ చేసింది.

"ఏం తింటున్నావే? ఆ పచ్చది ఏమిటి, పాచిలా ఉంది?" అంది. చెప్పాను. ఇక్కడ పుట్టినరోజున ఇది తింటారమ్మా, బిడ్డని కన్నాక తల్లి ఇదే తింటుంది కాబట్టి, అని. అమ్మ కాసేపు మాట్లాడలేదు. లైన్ కట్టయిందనుకున్నాను.

"నేను వెల్లుల్లి కారం తిన్నాను" అంది.

ఆ తర్వాత నలభై నిమిషాలు చెప్పింది. ముందు రోజు మధ్యాహ్నం నుంచి నొప్పులట. తెల్లవారుజామున నేను పుట్టానట. మూడో రోజు పాతబియ్యం అన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి. రోజూ పొద్దున్నే పరగడుపున శొంఠి, పిప్పళ్ళు, బెల్లం వేసి నూరిన కాయం ఉండ. దాహమేస్తే నీళ్ళు అడిగినన్ని ఇచ్చేవారు కాదట, కాచి చల్లార్చిన నీళ్ళు గ్లాసులో సగం. ఆ సంగతి చెబుతుంటే ముప్పై ఏళ్ళ తర్వాత కూడా అమ్మ గొంతులో కోపం తెలిసింది. పాలు పడటం లేదని అమ్మమ్మ బెంగ పెట్టుకుంటే, తాతయ్య తెల్లారకుండా రేవుకి వెళ్ళి పాల సొర తెచ్చారట. అమ్మమ్మ సొర పుట్టు చేసి పెట్టిందట. "రెండు రోజుల్లో పాలు పడ్డాయి. నువ్వు తాగి తాగి నిద్రపోయేదానివి."

పాల కోసం సముద్రం వైపు చూడటం. అమ్మమ్మకి కొరియా అనే దేశం ఉందని కూడా తెలిసి ఉండదు. ఒన్నికి నేనిది అనువాదం చేసి చెబితే కళ్ళు తుడుచుకుంది. కొరియా భాషలో అమ్మని "ఒమ్మ" అంటారు, నాన్నని "అప్ప" అంటారు. రెండు భాషలకీ చుట్టరికం ఉండి కాదు, పసినోటికి మొదట పలికేవి ఆ పెదవుల అక్షరాలే కాబట్టి. ఒన్ని ఫోన్లోకి వంగి "ఒమ్మా" అని పిలిచింది. అమ్మ "ఏమ్మా, తిన్నావా" అని తెలుగులోనే అడిగింది.

ఫోన్ పెట్టేసే ముందు అమ్మ ఒక మాట అంది. "నువ్వు పుట్టినప్పుడు నేనేం తిన్నానో నన్ను ఎవరూ అడగలేదే." బిర్యానీ హోటల్లో కూర్చుని ఉంటే ఈ మాట నా చెవిన పడేది కాదు. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ ఒక్క మాటే.

దీనికి ఎదురుమాటలున్నాయి, నాకు తెలుసు. ఇక్కడ పదేళ్ళుగా ఉంటున్న ఒక అన్నయ్య నాతో గట్టిగానే వాదించాడు. "ఉద్యోగంలో వాళ్ళ భాష, వాళ్ళ పద్ధతి, వాళ్ళ తిండి. కనీసం పుట్టినరోజైనా మనది మనం తినొద్దా? ఇలా ఒక్కొక్కటీ వదులుకుంటూ పోతే చివరికి మిగిలేదేమిటి?" అన్నాడు. ఆయన మాటలో బాధ ఉంది, దాన్ని నేను కొట్టిపారేయను. రోజంతా పరాయి భాషలో మాట్లాడినవాడికి సాయంత్రం ఒక ముద్ద పప్పన్నం ఎంత ధైర్యమిస్తుందో నాకూ తెలుసు. కానీ వదులుకోవడం అనేది నా విషయంలో జరగలేదు. జరిగింది దానికి తలకిందులు. మా ఇంటి కాయం గురించి, సొర పుట్టు గురించి, అమ్మ దాహం గురించి నాకు తెలిసింది కొరియా సూప్ ముందు కూర్చున్నప్పుడే. మన వంటలు మనకి మరీ అలవాటు. అలవాటైన వంట తింటూ "ఇది ఎందుకు తింటున్నాం" అని ఎవరమూ అడగం. పక్కవాళ్ళ వంట తిన్నప్పుడు ఆ ప్రశ్న దానంతటదే వస్తుంది, వచ్చాక మన ఇంటి వైపే తిరుగుతుంది.

తిరగడం మొదలుపెడితే ఎన్ని కనిపిస్తాయో. ఇక్కడ బిడ్డ మొదటి పుట్టినరోజుకి దోల్‌జాబి చేస్తారు. దారం, డబ్బు, పెన్సిల్, బియ్యం ముందు పెట్టి ఏది పట్టుకుంటుందో చూస్తారు. మన అన్నప్రాశనలో పుస్తకం, కలం, బంగారం, కత్తి పెట్టి పాకించినట్టే. అరవయ్యో పుట్టినరోజు హ్వాన్‌గాప్. అరవై ఏళ్ళ చక్రం తిరిగి మళ్ళీ పుట్టిన సంవత్సరమే వచ్చిందని పండగ. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై తిరిగి షష్టిపూర్తి చేసుకునే మనకి అది కొత్తా? ఒన్ని వాళ్ళ అమ్మమ్మ పుట్టినరోజు ప్రతి ఏడూ వేరే తేదీకి వస్తుంది, చంద్రుణ్ణి బట్టి చూస్తారు. మా అమ్మమ్మదీ అంతే, తిథి చెబితేనే తెలుస్తుంది.

రెండో ఎదురుమాట ఇంకా పదునైనది, అది నాలోనే పుట్టింది. ఈ సూప్ అమ్మని తలుచుకోవడానికే అయితే, దాన్ని వండేదెవరు? ఎక్కువ ఇళ్ళలో అమ్మే. తనని తలుచుకోవడానికి తనే పొద్దున్నే లేచి, తనే నాచు నానబెట్టి, తనే వండి పిల్లలకి పెట్టాలి. ఇది నాకు అన్యాయంగానే అనిపించింది, ఒన్నితో అన్నాను కూడా. ఆమె ఒప్పుకుంది. తను ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి తన పుట్టినరోజున ఇంటికి వెళ్ళి తనే వండి అమ్మకి పెడుతోందట. ఇప్పుడు అలా చేసే పిల్లలు ఇంకా ఉన్నారంది. సంప్రదాయం అంటే పాతదాన్ని పాతగానే ఉంచడం అని నేననుకోను. అర్థం సరైనదై, పని తప్పు మనిషి మీద పడితే, పని మార్చాలి.

అమ్మ లేనివాళ్ళ సంగతి? మా ల్యాబ్ కుర్రాడికి అమ్మ లేదు. ఆ రోజు అతను మాట్లాడకుండా రెండు గిన్నెలు తాగాడు. మూడో గిన్నె తనే వడ్డించుకుంటూ, అమ్మ పోయాక ఇంట్లో ఎవరూ వండలేదని చెప్పాడు. ఇలాంటివాళ్ళని పుట్టినరోజున ఒంటరిగా వదలకూడదు. పరదేశంలో స్నేహితులు చేయగలిగిన పనుల్లో ఇంతకంటే ముఖ్యమైనది నాకు కనిపించదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2023లో ఈ దేశంలో ఒక స్త్రీకి సగటు సంతానం 0.72, ప్రపంచ దేశాల్లో అతి తక్కువ. 2024లో కాస్త పెరిగి 0.75 అయింది. ఇళ్ళ ధరలు, పిల్లల చదువుల ఖర్చు, అర్ధరాత్రి దాకా పని, తల్లయితే ఉద్యోగంలో వెనకబడటం, కారణాలు ఏ ఆడపిల్లనడిగినా చెబుతుంది. మా బల్ల దగ్గర కూర్చున్న నలుగురిలో పిల్లలున్నవాళ్ళెవరూ లేరు. ఒన్ని కనాలనుకోవడం లేదు. నిర్ణయం ఆమెది, అందులో నాకు మాట్లాడే హక్కు లేదు. కానీ బాలింతని ఇంత గొప్పగా తలుచుకునే వంట ఉన్న చోట, బాలింత కావడం ఇంత కష్టమైపోయిందే అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక గిన్నె సూప్ పెట్టి మిగతాదంతా ఆమె మీద వదిలేస్తే ఏ దేశంలోనైనా ఇంతే.

తెలియనివాళ్ళ కోసం రెండు జాగ్రత్తలు. ఈ నాచులో అయోడిన్ చాలా ఎక్కువ. ఏడాదికోసారి తింటే పరవాలేదు గానీ, థైరాయిడ్ మందులు వాడేవాళ్ళు, పాలిచ్చే తల్లులు రోజూ తినేముందు డాక్టర్ని అడగండి. రెండోది, పరీక్ష రోజున ఎవరికీ దీన్ని పెట్టకండి. నాచు జారుతుంది కాబట్టి మార్కులూ జారిపోతాయని ఇక్కడ నమ్మకం. "మియొక్‌గుక్ తిన్నాడు" అంటే పరీక్ష తప్పాడని అర్థం. ఆ నానుడి వెనక ఇంకో కథ కూడా చెబుతారు. 1907లో జపాన్ ఒత్తిడితో కొరియా సైన్యాన్ని రద్దు చేశారు. సైన్యం రద్దుకీ కాన్పుకీ ఇక్కడ ఒకటే పలుకు, "హెసాన్". అలా ఉద్యోగం ఊడినవాళ్ళని చూసి మియొక్‌గుక్ తిన్నారని అనడం మొదలైందట. నవంబరులో కాలేజీ ప్రవేశ పరీక్ష నాడే పుట్టినరోజు వచ్చిన పిల్లలకి ఇళ్ళలో ఈ సూప్ వాయిదా వేస్తారు.

కొత్తగా ఏ దేశమైనా వెళ్ళిన తెలుగు పిల్లలు నన్నడిగితే ఇదే చెబుతాను. "మీ పుట్టినరోజున మీ ఇంట్లో ఏం వండుతారు?" అని పక్క సీటువాళ్ళని ముందే అడగండి. కొంతమంది కేకు అంటారు, కొంతమంది నూడుల్స్ అంటారు. ఎందుకు అని రెండో ప్రశ్న వేయండి. వండేటప్పుడు పిలవమనండి, వెళ్ళి కూరగాయలు తరగండి. హోటల్లో కూర్చుని తింటే మనం చుట్టాలం. వాళ్ళ వంటింట్లో గిన్నె కడిగితే ఇంటిమనుషులం. మా ల్యాబ్‌కి పోయినేడు వచ్చిన తెలుగమ్మాయి తన పుట్టినరోజు ఎవరికీ చెప్పకుండా దాచుకుంది, హాస్టల్ గదిలో ఒక్కత్తీ ఉందామని. ఒన్నే కనిపెట్టి, పొద్దున్నే వాళ్ళ గది తలుపు తట్టి అదే ప్రశ్న అడిగిందట. ఆ అమ్మాయి పూర్తి శాకాహారి. పెరిల్లా పొడితో వండాం.

ఈసారి నా పుట్టినరోజుకి అమ్మ తనకి కాస్త మియొక్ పంపమంది. ఆ రోజు తనూ తింటుందట. ఇంటికి వెళ్తున్న స్నేహితురాలి చేత ఒక ప్యాకెట్ పంపాను, విరగకుండా బట్టల మధ్య పెట్టి. కానీ ఒక షరతు పెట్టాను, అమ్మ వండకూడదు. నాన్న వండాలి. నాన్న ఇంతవరకు టీ తప్ప పొయ్యి మీద ఏదీ పెట్టినవారు కాదు. వారం రోజులుగా రోజూ ఫోన్ చేస్తున్నారు. నిన్న రాత్రి కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని కూర్చున్నారు.

"తల్లీ, గుల్లలు ఎక్కడా దొరకట్లేదమ్మా, రొయ్యలేసుకోవచ్చా?"

వేసుకోవచ్చన్నాను.

"నాచు ఎంతసేపు నానాలి?"

"అరగంట నాన్నా. ఇద్దరికీ పది గ్రాములు చాలు, ఎక్కువ వేయకండి, బాగా పొంగుతుంది."

రాసుకున్నారు. వెనక నుంచి అమ్మ, "వెల్లుల్లి నేనొలిచి పెడతాను" అంటోంది.

"నువ్వు కూర్చో, నేను ఒలుస్తానన్నాగా" అన్నారు నాన్న.